సగం తల

క్లీవ్‌లాండ్‌లో ఒక మంగలి షాపు. టీవీలో అమెరికన్ ఫుట్‌బాల్ జట్లు కొత్త ఆటగాళ్లను ఎంచుకుంటున్నాయి. ఉన్నట్టుండి మంగలి చేతిలో మిషన్ ఆగిపోయింది.

"మన ఊరి జట్టుకి బంతి పట్టుకుని పరిగెత్తేవాడు ఇంకొకడా? మార్లో ఉన్నాడుగా!"

"మార్లో ఇక బెంచీకే అన్నా," అన్నాడు కుర్చీలో తల వంచుకుని కూర్చున్నవాడు.

"నోర్ముయ్! వాడు మైదానంలో పరిగెత్తితేనేగా, మనం ఫోన్లో ఆడే ఆటలో నా ఫాంటసీ జట్టుకి పాయింట్లు! పొద్దున్నే నీ దగ్గర తీసుకున్నాను కదరా వాణ్ణి! కొత్తవాళ్లలో మొదట ఏరుకునే నా వంతు నీకిచ్చి మరీ!"

"నువ్వేగా బతిమాలావు."

"ఆ వంతుతో ఎవర్ని ఏరుకుంటావు?"

"ఇంకెవర్ని? ఇప్పుడొచ్చిన ఈ కుర్రాణ్ణే."

"దేవుడా!"

"అన్నా, మిషన్ పక్కన పెట్టేశావేం? సగం తలే అయింది. రేపు నా పెళ్లి!"

"మార్లోని వెనక్కి తీసుకో. మిగతా సగం సంగతి అప్పుడు చూద్దాం."