జూన్‌లో కోటు

అమెరికా ఎడారిలోని టూసాన్ ఊళ్లో ఒక తుపాకుల కొట్టుకి కోటేసుకున్న నగల వ్యాపారి వచ్చాడు. ముందురోజే సంతలో ఎండదెబ్బ తగిలి పడిపోయాడు. కొట్టావిడ అడిగింది.

"ఈ ఎండలో కోటేమిటయ్యా?"

"నడుముకున్న పెద్ద పిస్తోలు కనబడకూడదని, తల్లీ. సాయంత్రం నగలతో ఒంటరిగా కారుదాకా నడవాలి కదా."

"జూన్‌లో కోటేసుకున్నవాడి దగ్గర పిస్తోలుందని పసిపిల్లలకీ తెలుసు."

"అందుకా నాతో ఎవరూ బేరమాడనిది! నా నగలు అంత బాగున్నాయని మురిసిపోయాను."

"ఈ చిన్నది తీసుకో. పలుచటి చొక్కా కిందైనా తెలియదు. చెమటకి తుప్పు పట్టకుండా రోజూ తుడువు. ఆ కోటు తీసెయ్, లేకపోతే దొంగలకన్నా ముందు ఎండే నిన్ను చంపుతుంది."

"సరే, విప్పేశాను. ధర కాస్త తగ్గించు."

"తగ్గదు."

"చూశావా? కోటు తీస్తే ఎవరూ భయపడరు. మళ్లీ తొడుక్కోనా?"