ఇందిర పిన్ని మడమ

ఆగవే సాయిశ్రీ, కాసేపు ఆ పాట ఆపి ఇలా కూర్చో. ఫాక్స్‌ట్రాట్ అంటారు కదూ దీన్ని? వెనక్కి అడుగేసేటప్పుడు మడమ లేపేస్తున్నావు. నాకెలా తెలుసంటావేం! మా ఇందిర పిన్ని చేసేది. పిన్నంటే నాకన్నా రెండేళ్లే పెద్దదిలే, మా అమ్మకి ఆఖరి చెల్లెలు. గవర్నర్‌పేటలో తాతయ్యకి స్టీలు సామాన్ల కొట్టుండేది, పైన చెక్క మేడ. అది శౌరయ్యగారి టైపు ఇన్‌స్టిట్యూట్‌కి అద్దెకిచ్చాడు. నేనూ పిన్నీ అక్కడే టైపు లోయరు పరీక్షకి కట్టాం. శౌరయ్యగారు రైల్వేలో ఉన్నప్పుడు అక్కడి క్లబ్బులో ఈ డాన్సు నేర్చుకున్నారట. మధ్యాహ్నం ఎవరూ లేనప్పుడు పిన్నికి నేర్పేవారు. అడుగులు కిందికి వినపడకుండా ఆయన భార్య రూతుగారు పక్కన టపటపా టైపు కొడుతూ ఉండేవారు. తాతయ్యకి తెలిస్తే ఇంకేమన్నా ఉందా! సినిమాకెళ్లాడని మా మావయ్యకి అన్నం పెట్టనివ్వని మనిషి. శౌరయ్యగారు గుసగుసగా చెప్పేవారు, 'వెనక్కెళ్లేటప్పుడు మునివేళ్ల మీదకి లేవకమ్మా. ఒళ్లు మాత్రం సాగాలి, వెన్నులోంచి ఎదగాలి. మడమ లేపావో, దించక తప్పదు. దించితే కింద మీ నాన్నగారున్నారు.'

టైపు మిషను లైను చివరికొస్తే గంట మోగుద్ది. నీకెక్కడ తెలుస్తుందిలే. అప్పుడు పైభాగాన్ని వెనక్కి నెట్టాలి, ఆ కాస్తసేపు టపటపలుండవు. ఒకరోజు సరిగ్గా అప్పుడే పిన్ని మడమ దిగింది. టక్! కింద తాతయ్య బేరం ఆగిపోయింది. మెట్లు కిర్రుమన్నాయి. రూతుగారు 'యేసయ్యా' అని గొణిగారు. తాతయ్య గుమ్మంలోకొచ్చాడు. కేకలేస్తాడనుకున్నా, వెయ్యలేదు. కుర్చీ లాక్కుని కూర్చుని, 'ఏదీ, మళ్లీ చెయ్యి. వింటా' అన్నాడు. చూస్తానని కాదే, వింటానని! పిన్ని ఒక్కర్తే చేసింది. పెదాలు వణికాయి గానీ పాదాలు వణకలేదు. ఆ గోడ నుంచి ఈ గోడ దాకా, వెనక్కి, వెనక్కి... చిన్న చప్పుడు లేదు. తాతయ్య లేచి, 'ఇంట్లోనూ ఇలాగే తిరుగు. నీ అలికిడి నాకు వినపడకూడదు' అని తీసుకెళ్లిపోయాడు. మళ్లీ మేడెక్కనివ్వలేదు.

అలాగే తిరిగిందే. తాతయ్య పోయి, నా దగ్గరికి వచ్చేశాక కూడా. వంటింట్లో నా వెనకే నిలబడి ఉండేది, తెలిసేది కాదు, ఉలిక్కిపడేదాన్ని. 'వినడానికి ఇంకెవరున్నారు పిన్నీ, కాస్త గట్టిగా నడవరాదా' అంటే నవ్వేది. ఇప్పుడు ఆవిడా లేదు. అయినా పొయ్యి దగ్గర ఉన్నప్పుడు ఒక్కసారి వెనక్కి తిరిగి చూస్తా...

సర్లే. ఈ డాన్సు పోటీకి వెళ్తున్న సంగతి మీ నాన్నకి చెప్పావా? చెప్పలేదూ?

అదిగో, లిఫ్టు ఆగింది, మీ నాన్నే. బూట్లు విప్పు. విప్పవే, త్వరగా!