ఈనెపుల్లతో తిప్పిన పుస్తకం

"అవ్వా, ఈ పాత హిందీ సినిమాలో టేబులు మీద ఫ్యాషన్ బుక్కులు పరిచినారు సూడు, అవి నిజంగా అప్పుడు అంగట్లో అమ్మినవేనా, సినిమా కోసరం ఉత్తుత్తిగా అచ్చేసినవా?"

యాడ, ఇట్లియ్యి ఆ సెల్లు. అద్దాలు యాడ పెట్టినానో... ఆ, నెత్తి మీదనే ఉండాయి. వెనక్కి తిప్పు. ఆడ, ఆడ నిలుపు. ఓయమ్మ! నిజమైనవే పాపా, ఉత్తుత్తివి యాడివి. మిగిలినవి నాకు తెలీదు గానీ, అట్ట మీద ఎర్రమూతి పిల్ల ఉండాది సూడు, ఆ పుస్తకం మనింట్లో ఉన్నింది. ఈ తిరపతిలోనే, మేము అప్పుడు బాడుగకుండిన ఇంట్లో. దాన్ని సినిమాలో కనిపెట్టింది నేను గాదు, మా అత్త. మీ తాతోళ్ళమ్మ. హిందీ రాదు, ఇంగ్లీషు రాదు, సినిమా అంటేనే మూతి ముడుచుకునే మనిషి.

నవ్వొద్దు, చెప్తా విను. అప్పట్లో మీ తాతకు కొండ మీద కాటేజీల కాడ పని. బొంబాయి నుంచి వచ్చినోళ్ళు చదివేసి వదిలేసి పోయిన పుస్తకాలు మాపటేల బస్సులో తెచ్చేటోడు. చదివేదానికి గాదు, ఆ బొమ్మలు సూసి నేను గౌన్లూ రవికలూ కుట్టేదానికి. మా నాయన కొనిచ్చిన మిషనుండె నాకు. ఇప్పుడు మీరు మోటరు పెట్టుకుంటారు గానీ అది కాలితో తొక్కేది. తొక్కతా ఉంటే నాకు ఆకలి గూడా తెలిసేది కాదు.

మా మామ గుళ్ళో ప్రసాదాల కాడ చేసి పోయినోడు. ఆయన పోయినా అత్త మడి పోలా. తడిబట్ట కట్టుకోనే వంట, మేము తగిలితే మళ్ళా నీళ్ళు పోసుకోవాల. అట్లాంటి ఇంట్లో నేను బయటోళ్ళకు కుట్టేది మొదలుపెడితే యట్లుంటాది? కుట్టించుకునేటోళ్ళు కొలతకని ఆది రవికలు తెస్తారు గదా, వాళ్ళు తొడుక్కోని విప్పినవి. "ఊరోళ్ళ చెమట గుడ్డలన్నీ నా ఇంట్లోకేనా" అని అత్త ఎగిరి పడేది. ఆఖరికి తేల్చి చెప్పేసింది, "మీ అన్న వచ్చి మిషను ఎత్తుకోని పోవాల్సిందే" అని. మీ తాతంటావా, ఆయన వాళ్ళమ్మ ముందర నోరిప్పితే గదా! చిత్తూరులో మా అన్నకు కబురు పోయింది. నేను ఆ మిషను మీద తల పెట్టి ఏడ్చినా పాపా, అబద్ధం ఏమిటికి.

మా అన్న రావాల్సినదానికి ముందురోజు, శనివారం... కాదు కాదు, శనివారం అత్తకు ఒంటిపొద్దు, యాడికీ రాదు. శుక్రవారం. హాల్లో దేవుని సినిమా వేస్తా ఉండారని మీ తాత మా ఇద్దరినీ పిల్చుకోని పోయినాడు. దేవుణ్ణి సూస్తే వాళ్ళమ్మ మనసు మెత్తబడతాదని ఆయన ఎత్తు. పావలాకు అప్పుడు ఒడి నిండా శెనక్కాయలు. కూకున్నాంక చెప్పినారు, మద్రాసు నుంచి దేవుని సినిమా పెట్టె రాలేదంట, దాని బదులు హిందీది వేస్తారంట. మీ తాత ముఖం సూడాల! అత్త మాత్రం, "డబ్బులిచ్చినాంక లేచిపోయేదేంది" అని కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకోని కూకునింది.

అదే ఇది, ఈ సినిమానే. ఇదే టేబులు. తెర మీద హీరోయిను పాప ఎర్రమూతి అట్ట పుస్తకం చేతికి తీసుకునింది. మనదేనా అని నాకు అనుమానం, అట్టలన్నీ ఒకే తీరుగా ఉంటాయి గదా. అంతలో పక్కనుంచి అత్త, హాలంతా ఇనబడేటట్ల, "ఏమ్మే, అది మన పుస్తకమే! లోపల పచ్చగౌను పిల్ల ఉంటాది, బుట్టచేతులు పెట్టుకోని. సూడు, ఇప్పుడు తిప్పుతాది" అనింది. అనే లోపల ఆ పాప పేజీ తిప్పింది. పచ్చగౌనే! బుట్టచేతులే!

ఇంగ నేను తెరను వదిలేసి అత్తనే సూస్తా ఉండా. నా పుస్తకాలు ఈమె ఎప్పుడు ముట్టింది? అప్పుడు తట్టింది. మధ్యాన్నం పూట వాకిట్లో కూకోని కొబ్బరాకులు చీరి చీపుర్లు కట్టేది. నా పుస్తకాల నడుమ ఈనెపుల్లలు దొరికేవి, పిల్లోళ్ళ పనిలే అనుకుంటా ఉంటి. మడి చెడకుండా ఈనెపుల్లతో పేజీలు తిప్పింది మహాతల్లి!

సినిమా అయినాంక అత్త ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కుంటా, నా ముఖం సూడకుండా అనింది. "నా పెండ్లికి మా నాయన అట్లాంటి చేతులే కుట్టించినాడు. మీ మామ పోయినాంక మళ్ళా తొడగలా." అంతే. అన్ని దినాలూ ఆమె మీద పెట్టుకున్న కోపం ఆడనే కరిగిపోయింది.

పొద్దన్నే మా అన్న బండి తోలుకోని వచ్చినాడు. అత్త కాఫీ ఇచ్చి, "వట్టి బండే తోలుకోని పో నాయనా. మిషను మీద నా రవిక ఉండాది, కుట్టేది ఇంకా ముగియలా" అనింది. అప్పటికి నేను గుడ్డ గూడా కత్తిరించలా!

తెల్లగుడ్డలోనే కుట్టినా, బుట్టచేతులు పెట్టి. దాన్ని తొడుక్కోని, భుజాల నిండా పైట కప్పుకునేది. పక్కింటి రాజమ్మ సూసి, "ఏమక్కా, భుజాలు వాచినాయా?" అని అడిగితే, "వాతం మే" అనింది, నవ్వకుండా. నేను వంటింట్లో పడి పడి నవ్వినా. ఆది రవికలకు మాత్రం గడప బయట గంప పెట్టించింది. మడి మడే! ఆ వాతం చానా ఏండ్లుండె లే ఆమెకు. ఒక రవిక చినిగితే ఇంగొకటి కుట్టిస్తా ఉండె.

అది సరే గానీ, నువ్వు చేతుల్లేని గౌను కొని, మీ అమ్మ ఏమంటాదో అని పెట్టె అడుగున దాచినావంట గదా. నాకన్నీ తెలుస్తాయిలే. తీసి తొడుక్కో తల్లీ. పైట కప్పుకోకుండా తొడుక్కో. మా అత్తకు ఆ భాగ్యం లేకపాయ, నీకుండాది. సల్లగా ఉండు.

ఏదీ, ఇంగొక్కతూరి వెనక్కి తిప్పు. పచ్చగౌను కాడ నిలుపు...