సంచిలో గొర్రె ఎంత?

నా పదవీ విరమణ సభకు పెద్దగా కూర్చున్న మా డైరెక్టరు మాంబెతాలి గారికి, ముందు వరుసలోని తెల్ల టోపీల పెద్దలకు, వెనక వరుసలో అప్పుడే నూనెలో వేయించిన బోర్సోక్‌లు నమలడం మొదలుపెట్టిన నా తోటి ఉద్యోగులకు నమస్కారాలు. (నవ్వులు) తినండి, తినండి. ఈ పశువైద్య ల్యాబులో ముప్ఫై ఒక్క ఏళ్ళు ఇతరుల తిండిని పరీక్షించాను. ఈ ఒక్కరోజు ఎవరి పళ్ళెంలోకీ తొంగిచూడను.

ఇంతసేపూ నన్ను, అనార్కాన్ ఇంతటిది, అంతటిది అని పొగిడారు. సంతోషం. కానీ నేను చేసిన తప్పు మాట ఒక్కరూ ఎత్తలేదు. మర్యాద కోసం దాటేశారేమో. నేనే చెబుతాను.

నాలుగేళ్ళ కిందట మన నారిన్ బజారుకు కొత్తరకం కుక్కతిండి సంచులు వచ్చాయి. అమ్మకానికి ముందు నమూనా నా బల్ల మీదికి వచ్చింది. మాంసకృత్తులు ఇరవై ఎనిమిది శాతం, తేమ సరిపడా, బూజు లేదు. సంతకం పెట్టేశాను. ఏడాదిన్నర గడిచాక, అదిగో కిటికీ పక్కన కూర్చున్న కాసిమాలి తాత, భుజాల మీద మంచు కూడా దులుపుకోకుండా వచ్చి, ఆ సంచినే నా బల్ల మీద పడేశాడు. ఆయనకు జెల్, సుర్ అని రెండు తైగాన్ వేటకుక్కలుండేవి, రెండింటికీ ఆ తిండే పెట్టేవాడు. నక్కను తరుముతూ కొండెక్కుతున్న జెల్ పడిపోయి మరి లేవలేదు. సుర్ నాలుగు అడుగులకే ఆగి రొప్పుతోంది.

"ఎవరిదో దిష్టి తగిలిందంటోంది మా ముసలిది. పశువుల డాక్టరమ్మ చినారా ఏమో గుండె సాగిపోయిందంటోంది. కుక్కకి గుండె సాగడమేంటే పిల్లా? ఇందులో ఏముందో చెప్పు."

"గొర్రె మాంసం తాతా. చూడు, మొదటి పేరే అది."

"కళ్ళద్దాలు ఇంట్లో మర్చిపోయా. నువ్వు తిని చూశావా?"

నాకు నవ్వొచ్చింది. ఆయన నవ్వలేదు. సరే, ఆయన వెళ్ళాక తలుపు వేసుకుని ఒక గుళిక నోట్లో వేసుకున్నాను. (నవ్వులు) అవును, తిన్నాను! గొర్రె కొవ్వు రుచి బాగానే తగిలింది. రెండో గుళికను చాకుతో గీకి, పైపొర తీసేసి, లోపలిది మాత్రం నమిలాను. ఉడకబెట్టి ఎండబెట్టిన బఠానీ ముద్ద. గొర్రె వాసనైనా లేదు. పుట్టినప్పటి నుంచీ గొర్రె తిన్నదాన్ని, నన్ను మోసం చేస్తారా?

అప్పుడు సంచి మీది అక్షరాలు మళ్ళీ చదివాను. ఏది బరువెక్కువో దాని పేరు ముందు రాయాలని రూలు. గొర్రె మాంసం, బఠానీ పిండి, బఠానీ మాంసకృత్తి, బఠానీ గంజి, బఠానీ పీచు. ఒకే బఠానీని నాలుగు ముక్కలు చేసి నాలుగు పేర్లతో రాస్తే, ఏ ముక్కా గొర్రెను దాటదు. నాలుగూ కలిపితే గొర్రె వెనక్కి పోతుంది. పైగా గొర్రెను పచ్చిగా, నీటితో సహా తూచారు, ఆరబెడితే పిడికెడు. మరి నా యంత్రం? అది మాంసకృత్తి ఎంతో చెబుతుంది గానీ, అది గొర్రెదా బఠానీదా చెప్పదు. నేనూ అడగలేదు.

చినారా పుస్తకాలన్నీ తిరగేసింది. మాంసంలో టారిన్ అనేదొకటి ఉంటుందట, గుండెకు బలం. బఠానీలే ఎక్కువగా తిన్న కొన్ని కుక్కల ఒంట్లో అది చాలకపోవచ్చునట. సుర్ నెత్తురు పరీక్షిస్తే నిజంగానే తక్కువ.

మా డైరెక్టరు గారి దగ్గరికి పరుగెత్తాను. ఆయన తల పట్టుకున్నారు. "అనార్కాన్, రూలు ప్రకారం మనం తప్పు చెయ్యలేదు కదా?"

"అన్నా, రూలు తప్పలేదు, నేనే తప్పాను. నా సంతకం వెనక్కి తీసుకుంటా."

"కంపెనీవాళ్ళు ఊరుకుంటారా?"

"ఊరుకోరు."

ఆయన కలం తీసి, "కంపెనీకి ఉత్తరం రాసుకురా, నా సంతకం కూడా పెడతా" అన్నారు. మాంబెతాలి అన్నా, ఆ మాటకు ఆ రోజు కృతజ్ఞతలు చెప్పలేదు. ఇప్పుడు చెబుతున్నాను.

మూడు నెలలు గొడవ పడ్డాక కంపెనీవాళ్ళు బఠానీలన్నీ ఒకే పేరు కింద రాశారు, టారిన్ కలిపారు. సుర్‌కు మాంసమూ, చినారా ఇచ్చిన పొడీ పెడితే ఎనిమిది నెలలకు గుండె కొంత సర్దుకుంది. వేటకు పనికిరాదు గానీ, తాత వెంట గట్టు దాకా నడుస్తుంది. జెల్‌ను చంపింది ఆ తిండేనా? ఇప్పటికీ తేల్చలేను. ఆ ప్రశ్న నాతోపాటే ఇంటికి వస్తోంది.

ఒక్క మాట మిగిలింది. ఉత్తరం పంపిన మర్నాడు తాత ఇంటికి వెళ్ళాను. గిన్నెలో కుమీస్, అదే పులిసిన గుర్రపు పాలు, పోసి ఇచ్చాడు. తాగలేకపోయాను. "తాతా, ఆ తిండి మంచిదని సంతకం పెట్టింది నేనే" అన్నాను.

"తెలుసే. నీ సంతకమున్న కాగితం కొట్లో గోడకి అంటించే ఉంది."

"మరి నా మీద అరవలేదేం?"

"అరవడానికైతే కొట్టువాడే చాలు. సంతకం పెట్టినదానివైతే తప్పెక్కడుందో వెతుకుతావని నీ దగ్గరికొచ్చా."

ఈ ఉద్యోగంలో నాకు అందిన సన్మానం అదే, తాతా. మీ అందరి చప్పట్లకూ, ఈ శాలువాకూ, ఇన్నాళ్ళు నన్ను భరించినందుకూ కృతజ్ఞతలు. ఇక వెళ్ళొస్తాను, సెలవు.