ఒడిబియ్యం వీడియో

ముత్తంగిలో కొత్తగా తెరిచిన ఫొటో స్టూడియోలోకి ఒక పెద్దావిడ పెన్‌డ్రైవ్ పట్టుకుని గాలిదుమారంలా వచ్చింది. మొన్న ఆమె బిడ్డకు ఒడిబియ్యం పోసినప్పుడు ఫొటోలూ వీడియో తీసింది ఈ ఫొటోగ్రాఫరే. కొత్త కెమెరాకు అదే మొదటి గిరాకీ.

"ఏంది కొడుకా, వీడియోల ఒక్కరన్న కదుల్తలేరు? అల్లుడింటోళ్లకు ఏం సూపియ్యాలె?"

"మీరే కదల్లే పెద్దమ్మా."

"కదలకుండ్రి అన్నది నువ్వే గద!"

"అది ఫొటోకు. తర్వాత వీడియోకు మార్చిన. రెంటికీ ఒక్కటే కెమెరానాయె."

"మార్చినవని మాకేమెరుక? వీడియో తీసేటోళ్లు కెమెరా భుజం మీద పెట్టుకుంటరు, మొఖం మీద లైటు కొడ్తరు. గప్పుడు మేం నవ్వుతం, నడుస్తం. నువ్వు గదే చిన్న కెమెరా పట్టుకొని గట్లనే నిలబడితివి. ఇంకా ఫొటోనే అనుకున్నం."

"నడుమల మేక జొరబడ్డప్పుడన్న కదలొద్దా?"

"ఎట్ల కదుల్తం? ఫొటో ఖరాబైతదని ఊపిరి సుత బిగవట్టినం. అది తాంబాళంల బియ్యం బుక్కుతుంటె గుడ్లప్పగించి సూసినం. వీడియో మొత్తంల మంచిగొచ్చింది గా మేకనే!"

ఆ మాట నిజమే. మేక చాలా బాగా వచ్చింది.

"మేమంటె బొమ్మల లెక్క నిలబడ్డం. నీ ఎదురుంగనే తింటుండె గద, నువ్వన్న తరమొద్దా?"

అతను తల గోక్కున్నాడు.

"నేను కదిల్తె వీడియో అదురుతది గద, పెద్దమ్మా!"