ఇరవై ఎనిమిదో రోజు

(రేపల్లె, 1971. పెరటి వసారాలో చాప మీద అత్తగారు కోటేశ్వరమ్మ. నాలుగడుగుల దూరంలో, చేతిలో కాలెండరుతో కోడలు దేవకుమారి.)

"మళ్ళీనా అత్తయ్యా?"

"మళ్ళీ ఏంటే? నెలనెలా వచ్చేదేగా. దూరంగా ఉండు, తగిలేవు."

"నిన్న సాయంత్రం దాకా బాగానే ఉన్నారుగా."

"చెప్పి వస్తుందా ఏంటి? మంచినీళ్ళు అక్కడ పెట్టి వెళ్ళు. మీ మామగారి కార్డు వచ్చిందిగా, నాలుగింటి బండికి దిగుతారు. వంకాయ కూర చెయ్యి. కారం తగ్గించు."

"చేస్తాలే గానీ, మీకెన్నేళ్ళు?"

"ఏంటా ప్రశ్న? నాకేమన్నా సంబంధం చూస్తావా?"

"యాభై మూడు. మీ తమ్ముడుగారే చెప్పారు. పెళ్ళికి ముందు తెనాలిలో డాక్టరమ్మ దగ్గర రెండేళ్ళు నర్సుగా చేశాను, నాకు తెలియదా? ఈ వయసుకి అండాశయాలు అలిసిపోతాయి, హార్మోన్లు తగ్గిపోతాయి. ఒక నెల ముందూ ఒక నెల వెనకా అయ్యి, ఆఖరికి ఆగిపోతుంది. ఆగాక మళ్ళీ కనబడిందంటే గర్భసంచిలో ఏదో ఉన్నట్టే. పుండో, గడ్డో..."

"నోరు మూసుకో. పుండూ లేదు, గడ్డా లేదు."

"అది డాక్టరమ్మ చెప్పాలి. రేపు వస్తున్నామని కబురు పెట్టా."

"ఎవర్నడిగి పెట్టావు? నేను రాను."

"పోనీ ఇది చూడండి. నేను కాపరానికొచ్చి ఎనిమిది నెలలు. మీరు చాప వేసినప్పుడల్లా కాలెండరు మీద చుక్క పెట్టా. ఇరవై ఎనిమిది రోజులు. మళ్ళీ ఇరవై ఎనిమిది. ఇరవై ఏడు. మళ్ళీ ఇరవై ఎనిమిది. ఇరవై రెండేళ్ళదాన్ని, నాకే ఇంత లెక్కగా రాదు."

"నా రోజులు లెక్కపెట్టడానికా నిన్ను తెచ్చుకుంది?"

"చాకలి అంకమ్మని కూడా అడిగా."

"అంకమ్మనా? ఏమంది?"

"మీరు వేసే బట్టల్లో మరకన్నది చూసి ఏళ్ళయిందంది."

"దానికి కళ్ళు ఆనవు."

"నా బట్టల్లోవి బాగానే ఆనతాయి. అత్తయ్యా, మీకు రావట్లేదు. అవునా?"

"పొయ్యి మీద పాలు చూసుకో ముందు."

"పాలు దించే వచ్చా. మీకు రావట్లేదు. మరి ఎందుకీ చాప? మూడు రోజులూ చాకిరీ అంతా నా నెత్తిన పెట్టడానికా? చెప్పరా? సరే, మామయ్యగారు దిగనివ్వండి, ఆయన్నే అడుగుతా."

"అనకు."

"ఎందుకు?"

"ఆయనతో అనకు తల్లీ. నీ చేతులు పట్టుకుంటా..."

"పట్టుకోండి. మైల లేదుగా."

"... ఆగిపోయి నాలుగేళ్ళయింది దేవీ."

"మరి?"

"మీ మామగారు బాపట్లలో దేనికుంటారు?"

"మిల్లు పని మీద. అందరూ అదే..."

"అందరూ అదే అంటారు. నేనూ అదే అంటాను. మిల్లు ఉందిలే. మిల్లు పక్కన ఇల్లుంది. ఆ ఇంట్లో ఒకావిడుంది. పదిహేనేళ్ళ నుంచి."

"అయ్యో! మీ అబ్బాయికి తెలుసా?"

"తెలుసు. వాడు నాతో అనడు, నేను వాడితో అనను."

"దానికీ, ఈ చాపకీ ఏంటి?"

"మీ మామగారు ఎప్పుడెప్పుడొస్తారో చూశావా?"

"ఎప్పుడంటే... మీరు బయట చేరిన రోజే. ఇదుగో, ఇక్కడా అంతే. ఇక్కడా అంతే."

"నేను చేరితే ఆయన రావడం కాదే. ఆయన కార్డు రాగానే నేను చేరతాను. ఆ చుక్కలు నావి కావు. ఆవిడవి."

"ఆవిడవా?"

"అక్కడ అంట్లు తోమే మనిషిది మా పుట్టింటి ఊరు పిట్టలవానిపాలెమే, తనే చెప్పింది. ఆవిడ బయట చేరిన మూడు రోజులూ ఆయనకి వండేవాళ్ళుండరు, పక్కలోకి మనిషుండదు. అప్పుడు నేను గుర్తొస్తాను. పదకొండేళ్ళు ఓర్చుకున్నా. ఇంక నావల్ల కాదు. ఆ చెయ్యి మీద పడితే నాకసహ్యం దేవీ. ఒళ్ళంతా అసహ్యం."

"ఆయనకి అనుమానం రాలేదా?"

"వచ్చింది. పోయినసారి అడగనే అడిగారు, నేనొచ్చినప్పుడే నీకెలా వస్తుందే, ఈ వయసులో ఇంకానా, అని. ఈసారి తేలుస్తానన్నారు. అదుగో, రిక్షా. చెయ్యి వదులు, చూస్తారు!"

"కోటేశ్వరీ! ఏదీ ఎక్కడ? ఓహో, మళ్ళీ చాప! అమ్మాయ్ కుమారీ, నువ్వు నర్సువి గదా, నువ్వే చెప్పు. యాభై దాటినదానికి ఇంకా వస్తుందా? ఇది నిజమేనా?"

"నిజమేనండి మామయ్యగారూ. అక్కడే ఆగండి, ఇటు రాకండి. ఒక్కొక్కరి ఒంటి తీరు ఒక్కోలా ఉంటుందండి. అత్తయ్యకి ఇంకో పదేళ్ళ దాకా ఆగదు."