యాభై ఎనిమిది డిగ్రీలు

న్యూమెక్సికో ఎడారిలో రాకెట్ బండి పరీక్షలు జరిగే చోటు. 1961 జూన్, పొద్దున పదకొండు దాటింది. పట్టాల మేస్త్రీ హోలిస్ టీగ్ ఒంటికాలి మీద లేస్తూ లెక్కల గదిలోకి వచ్చిపడ్డాడు. లోపల లెక్కలు కట్టే వెర్నా ఒక్కతే ఉంది.

“అదంతా కాదు, ముందు నాకిది చెప్పు. నా పట్టాలు తప్పని ఎవరన్నారు?”

“పట్టాలు తప్పని నేననలేదు, మేస్త్రీ గారూ.”

“అనలేదా? మన పెద్దాఫీసరు గాంట్ కాంటీన్లో పదిమంది ముందు చెప్పాడు. ఇవాళ్టి పరీక్ష సంబరానికి తెచ్చిన కేకు కోయబోయేవాడు కత్తి పక్కన పెట్టి మరీ చెప్పాడు. వెర్నా సంతకం పెట్టనంటోంది, టీగ్ కొలతల మీద అనుమానమట, అని. అందరూ నా మొహంలోకి చూడ్డమే! పన్నెండేళ్ళుగా ఆ ఏడు మైళ్ళ ఇనుముని వెంట్రుకవాసి పక్కకి పోకుండా కాస్తున్నాను. నువ్వొచ్చి ఎన్నాళ్ళయింది?”

“మూడేళ్ళు.”

“మూడేళ్ళు! పెన్సిలు చెక్కుకుంటూ కూర్చునేదానికి…”

“అరవకండి.”

“అరుస్తాను! విమానాలకి దారి చూపే పెట్టె రెండింటికి లారీ ఎక్కాలి. నీ సంతకం లేక బల్ల మీదే పడుంది. నిన్నటి పరుగులో బండి ఎక్కడెక్కడ ఉందో పెట్టె చెప్పింది, పట్టాల పక్కన నేను పాతిన గుర్తు రేకులూ చెప్పాయి. అంగుళం తేడా లేకుండా కలిశాయి. కలిశాయా లేదా?”

“కలిశాయి.”

“మరి ఇంకేం రోగం?”

“అదే రోగం. మొదటి మూడు పరుగుల్లో కలవలేదు. ప్రతిసారీ ఆ చివరి మైల్లోనే అడుగున్నర తేడా. అప్పుడేం చేశాం? రేకులు టీగ్ గారు కొలిచి పాతినవి, అవి తప్పే ప్రశ్నే లేదు, పెట్టెదే తప్పు అన్నాం. రెండూ కలిసేదాకా పెట్టెలో మర తిప్పాం.”

“తిప్పాలి మరి! పరీక్షంటే అదేగా!”

“రేకుల దూరం మీరు ఎప్పుడు కొలుస్తారు?”

“ఇదేం ప్రశ్న? తెల్లారకముందు. ఎండ తగిలితే ఉక్కు టేపు సాగుతుంది. టేపు వేడి డెబ్బై ఫారన్‌హీట్ డిగ్రీలు దాటితే చుట్టేసి ఇంటికెళ్ళమని రూలు రాసిందే నేను. నాకు చెప్తావా?”

“ఏప్రిల్ పందొమ్మిదిన కూడా తెల్లారకముందే కొలిచారా?”

“ఆ రోజేంటి ప్రత్యేకం?”

“మీకు తెలీదా?”

“ముందురోజు బండి దాన్ని ఆపే నీటి బ్రేకు దగ్గర పల్టీ కొట్టింది. చివరి మైలు రేకులన్నీ ఎగిరిపోయాయి. మళ్ళీ కొలిచాం, మళ్ళీ పాతాం. అంతేగా.”

“ఎన్నింటికి?”

“కాగితం మీద ఉంది, చూసుకో.”

“చూశాను. తెల్లవారుజామున నాలుగూ నలభై. టేపు వేడి యాభై ఎనిమిది డిగ్రీలు. కింద మీ సంతకం.”

“ఇంకేం మరి!”

“ఆ తెల్లవారుజామున ఇక్కడ ముప్పై ఆరు, ఇంకో నాలుగు డిగ్రీలు దిగితే నీళ్ళు గడ్డకడతాయి. వాతావరణం వాళ్ళ పుస్తకంలో ఉంది. నాకూ గుర్తుంది, కారు అద్దం మీద మంచు గీక్కుని వచ్చాను.”

“…థర్మామీటరు పాడై ఉంటుంది.”

“పాడైందా?”

“ఏమో. నేను చూళ్ళేదు.”

“చూడకుండా రాశారా? అంతకుముందు మార్చిలో కొలిచిన కాగితం మీదా యాభై ఎనిమిదే. దాన్ని చూసి దించారు, అవునా?”

“నన్ను నిలదీయడానికి నువ్వెవరసలు? నా మనుషులు ముప్పై గంటలు కన్ను మూయలేదు, తెలుసా? రాత్రంతా ఇనుప ముక్కలు ఏరారు. ఒకడికి వేలు తెగింది. నిలబడే కునుకుతున్నారు. పదింటిదాకా పడుకోండ్రా అన్నాను. తప్పా? మర్నాడు తెల్లారగట్ట కొలుద్దామంటే గాంట్ ఫోను మీద ఫోను. సాయంత్రానికి రేకులుండాలి, సాకులు చెప్పొద్దు అని. పట్టపగలే కొలిచాం. వేడి ఎంతో రాస్తే నా రూలే నా కాగితాన్ని చింపేస్తుంది. రాయలేదు. విన్నావుగా? తృప్తి అయిందా?”

“ఆ వేడి ఎంతో చెప్పండి. అంకె ఉంటే టేపు ఎంత సాగిందో, పెట్టె ఎంత తప్పో ఇప్పుడే తేల్చేస్తాను.”

“చూళ్ళేదన్నానా! ఎన్నిసార్లు చెప్పాలి?”

“అంటే మూడుసార్లూ పెట్టె నిజమే చెప్పింది, మేస్త్రీ గారూ. మనమే దాని చెవి మెలేసి అబద్ధం నేర్పాం.”

“సరే, నేర్పాం. మర వెనక్కి తిప్పుకోండి. పెట్టె ఇక్కడే ఉందిగా. లారీని ఖాళీగా పంపించెయ్. అడుగున్నరకి ఇంత గోలా?”

“ఇక్కడున్నది రెండో పెట్టె.”

“అయితే?”

“మొదటిదీ ఇలాగే తిప్పి మే నెలలో పంపాం. దానిమీద సంతకం నాది. కోపం మీకొక్కరికే ఉందనుకుంటున్నారా? పొద్దున్నుంచీ నా చెయ్యి నేనే నరుక్కోవాలనుంది!”

“…ఎక్కడుందది?”

“రాకెట్ విమానంలో. పన్నెండింటికి పెద్ద విమానం రెక్క కిందనుంచి వదులుతారు.”

“ఇవాళా?”

“ఇవాళే, పెద్ద విమానం దాన్ని మోసుకుని ఈపాటికే పైకెళ్ళింది. లింక్విస్ట్ నడుపుతున్నాడు.”

“ఆ పొడుగాటివాడా? పోయిన నెల వచ్చి నాతో బీన్సు తిన్నాడు. పట్టా మీద చెయ్యేసి, నీ కొలతలు నమ్మొచ్చా పెద్దాయనా అన్నాడు. మీ అమ్మకన్నా ఎక్కువగా నమ్మొచ్చు అన్నాను. వెర్నా, అడుగున్నరేగా? అడుగున్నరకి ఏమవుతుంది?”

“పట్టాల మీద అడుగున్నర. ఆకాశంలో పది నిమిషాలు గడిచేసరికి ఎత్తు లెక్కలో పదిహేడు వందల అడుగులు. కిటికీలకి వేడిని ఆపే పలకలు మూసి ఉంచి, పెట్టె చెప్పిన ఎత్తుని నమ్మి దిగడమే ఇవాళ్టి పరీక్ష. నేల వచ్చేసిందనుకుని విమానం ముక్కు పైకెత్తుతాడు. నేల ఇంకా అంత కిందుంటుంది. ఇంజను అప్పటికే ఆరిపోయుంటుంది, వేగం పోయి రాయిలా పడతాడు.”

“మరి ఇక్కడ కూచుని నాతో వాదిస్తావేమే! గాంట్‌కి చెప్పు! ఆపించమను!”

“మూడుసార్లు చెప్పాను. ఏమన్నాడో తెలుసా? ‘టీగ్ యాభై ఎనిమిదని రాశాడు. పన్నెండేళ్ళలో టీగ్ కాగితం ఒక్కటీ తప్పలేదు. లెక్కలమ్మాయికి అనుమానం వచ్చిందని విమానం దింపమంటావా?’ అన్నాడు. అందుకే మిమ్మల్ని నా మీదకి ఉసిగొల్పాడు, అరిచి సంతకం పెట్టించుకొస్తారని.”

“అలా అన్నాడా? ఒక్కటీ తప్పలేదని?”

“అన్నాడు.”

“పదకొండు నెలల్లో పింఛను నాకు.”

“తెలుసు.”

“దొంగ కొలత రాసినవాడికి పింఛను ఇవ్వరు.”

“ఇవ్వరు. మేస్త్రీ గారూ, పదకొండున్నర అయింది.”

“నాకు కళ్ళున్నాయి, కనిపిస్తోంది! ఆ ఫోను ఇటు తొయ్యి.”

“మీరు మధ్యాహ్నం కొలిచామని ఒక్క మాట చెప్తే చాలదు. ఎంత వేడని అడుగుతాడు. చూళ్ళేదంటే నమ్మడు, నన్ను కాపాడ్డానికి చెప్తున్నారంటాడు.”

“నువ్వు నోరు మూసుకో కాసేపు. హలో? కాంటీనా? గాంట్‌ని పిలువు. కేకు నోట్లో ఉంటే మింగి రమ్మను… గాంట్, నేను టీగ్‌ని. సంతకం సంగతి కాదు. నువ్వు మాట్లాడకు, నేను మాట్లాడతాను. నా కాగితం తప్పదన్నావటగా? అయితే ఇదీ టీగ్ మాటే, రాసుకో. ఏప్రిల్ పందొమ్మిది, మధ్యాహ్నం పన్నెండున్నర, టేపు వేడి నూట మూడు డిగ్రీలు. నూట మూడు! విమానాన్ని దింపించు ముందు… ఎలా గుర్తుందా? ఎలా మర్చిపోతానురా! థర్మామీటరు అద్దం తుడిచి రెండోసారి కూడా చూసి, అప్పుడు యాభై ఎనిమిదని రాశాను.”